మూతిమీది బంగారము

జ్యేష్ఠమాసపు ప్రచండభానుడు గోదావరీసైకతములను పెనమువలె కాల్చి కాల్చి తానే యలసి పడమటి కొబ్బరితోటలలోనికి దిగజారుచుండగా పచ్చాకుపందిటిక్రింద సన్నాయి మ్రోగుచుండగా మల్లికాకుసుమపరిమళమును గారెలు వేగు కమ్మని వాసనయు కలసి వీధినెల్ల క్రమ్ముచుండగా, ఆ సర్వశోభకును కారణభూతురాలైన పెండ్లికూతురు నీలవేణి లోపలిగదిలో గడియ వేసికొని తడిగుడ్డతో పై పెదవి నదుముకొని కోపముచేత కంపించుచుండెను.

ఆ కోపమునకు మూలము ఉదయమున వచ్చిన పళ్లెరము. కాబోవు అత్తగారైన వసుంధరమ్మ పట్టుచీరయు పసుపుకుంకుమలును పంపుచు తమలపాకుల చాటున వెండ్రుకలకు రంగు పోగొట్టు బ్లీచింగు క్రీము డబ్బా నొకదానిని కూడ నుంచెను. కోడలి పెదవిమీది సన్నని నూగు ఆ మహాతల్లికి కంటిలో నలుసై యుండెనట! నీలవేణి దానిని కిటికీలోనుండి విసరివేయబోయెను గాని మేనత్త సుభద్రమ్మ చేయి పట్టుకొనెను.

“పెళ్లివారు పంపింది కాదంటే ఏం బావుంటుందే? రాసుకుని కడిగేసుకోవడమేగా!”

నలుగుస్నానము ముగిసిన వెంటనే సుభద్రమ్మ, డబ్బాలోని పొట్లమునందలి పొడి చిటికెడు చాలునని పైన వ్రాసియున్నను, దానిని ఉన్నదంతయు క్రీములో గ్రుమ్మరించి కలిపి దట్టముగా పూసెను.

“మండిపోతోందత్తా!”

“మండితేనేనమ్మా పనిచేస్తున్నట్టు. కాసేపు ఓర్చుకో.”

కడిగి చూడగా, మేనత్త తలచినట్లు వెండ్రుక యొక్కటియు రాలలేదు. నల్లగానుండి యింతకాలము పరుల కంట అంతగా బడని నూగు నీలవేణి శ్యామలవదనమున మొక్కజొన్నపీచువలె పచ్చగా తళతళలాడుచుండెను. దాని క్రింది చర్మము కమిలి యెఱ్ఱబడెను. దాచబోయిన దానికి దండోరా వేసినట్లయ్యెను.

ఎదురుకోలువేళ ఆమెను పందిటిలోనికి తీసికొనివచ్చిరి. ఏటవాలుటెండ తిన్నగా ఆమె మోముపై పడెను. వరుడు శేషగిరి ఎదుటి కుర్చీలో మీసము దువ్వుకొనుచు గూర్చుండెను. వసుంధరమ్మ కోడలి గడ్డము పట్టుకొని పరకాయించి నొసలు ముడిచెను.

“నలుగు సరిగ్గా కడగలేదేంటమ్మా, మూతిమీద పసుపు అలాగే ఉండిపోయిందీ!”

అని పట్టుచెంగుతో కమిలిన పెదవిని గట్టిగా తుడిచెను. నీలవేణి ఆ ముంజేతిని ఒడిసిపట్టుకొనెను.

“అది పసుపు కాదండీ. పొద్దున్న మీరు పంపిన మందు.”

సన్నాయి ఆగెను. నీలవేణి వరునివైపు తిరిగెను. “మీకు తెలిసే పంపారా?”

“అమ్మేదో ముచ్చటపడి పంపింది. దానికింత రాద్ధాంతమెందుకు?” అని పలుకుచున్నను అతని వ్రేళ్లు మీసమును విడువలేదు.

కాలిన చర్మముకన్న ఆ మాట ఎక్కువగా మండెను. జీవితమంతయు ఈ మనుష్యుని ప్రక్కనా యని ఆమె రక్తము కుతకుత నుడికెను.

“మీ మీసానికి మా ఇంట్లో ఎవరూ మందు పంపలేదండీ!”

తండ్రి “అమ్మా, నలుగురూ ఉన్నారు” అని గొణిగెను. ఆమె వినలేదు. లోనికేగి ఆ పళ్లెరమును తెచ్చి చీరమీద డబ్బాను అందఱకును కనబడునట్లు నిలిపి వసుంధరమ్మ చేతులలో పెట్టెను.

“మళ్లీ నల్లగా మొలిచాక, అలాగే కావాలనుకుంటే రండి. లేదంటే రావద్దు.”

మగపెండ్లివారి కార్లు ధూళి రేపుచు వెడలిపోయెను. సుభద్రమ్మ “నా చేతులు పడిపోనూ!” అని యేడ్చుచు గిన్నెతో మీగడ తెచ్చి మేనకోడలి పెదవికి అద్దసాగెను. నీలవేణి ముఖము దాచుకొనలేదు. వీధియెల్ల చూచుచుండగా అరుగుమీదనే కూర్చుండెను. కడపటియెండలో ఆ నూగు బంగారమై మెఱయుచుండెను. మీగడకు మంట చల్లారెను. కోపము చల్లారలేదు, ఆమె దానిని చల్లార్చుకొన దలపను లేదు.