సక్కుబాయి చుట్టిన మోటారు

బోరబండలో సక్కుబాయి వైండింగు చుట్టిచ్చిన నీళ్ళ మోటారు మూడోరోజుకే పొగలు కక్కింది. అపార్ట్‌మెంటు మొత్తం నీళ్ళకు కటకటలాడింది. "ఆడమనిషికి ఇస్తే గిట్లనే ఉంటది" అన్నాడు కార్యదర్శి వెంకటనారాయణ.

ఆ మాటకు రెండో అంతస్తులో ఉండే రసజ్ఞ మనసు చివుక్కుమంది. ఆమె హైటెక్ సిటీలో చిప్పులు డిజైన్ చేసే ఇంజనీరు. శనివారం పొద్దున్నే మల్టీమీటరు సంచిలో వేసుకుని సక్కుబాయి దుకాణానికి వెళ్ళింది.

సక్కుబాయి మోటారును మళ్ళీ చుట్టి, దాని ముందు దిగాలుగా కూర్చుంది.

"ఇరవై ఏండ్ల సంది చుడుతున్న మేడం. ఒక్క చుట్టు గూడ తప్పలే. ఏమైందో సమజైతలేదు."

"తీగ నిరోధం ఎంత రావాలండి?"

"నాలుగు ఓములు. నా మీటరు ఖరాబై నెలైంది, ఇగ చూడలే."

రసజ్ఞ మీటరు పెట్టింది. ఆరున్నర! సక్కుబాయి గబగబా గేజి తీసి తీగ మందం చూసింది. సరిగ్గానే ఉంది.

"మందం అదే, పొడవూ అదే" అంది రసజ్ఞ. "అయితే తేడా లోహంలోనే ఉండాలండి."

సక్కుబాయి బ్లేడుతో తీగను గీకింది. ఎర్రటి పూత కింద తెల్లగా మెరిసింది.

"అల్మినం! రాగి అని చెప్పి అంటగట్టిండు తీగ అమ్మినోడు!"

కోపం దిగాక ఆమె చాయ్ తెప్పించింది. "మీ ఆఫీసుల గూడ తీగలేనా?"

"తీగలేనండి, రాగివే. కానీ ఎంత సన్నవంటే, వెంట్రుక మందమంత పొడవు ముక్కకే వేల ఓములు."

"అబ్బో! ఈ మోటార్ల చుట్టిన తీగ మొత్తం సాగదీస్తే రైల్వేస్టేషన్ దాక పోతది, దానికి నాలుగే! మరి గంత సన్నంది ఎట్ల చుడతరు?"

"చుట్టమండి. కంప్యూటర్‌లో గీస్తాం."

సక్కుబాయి పడీపడీ నవ్వింది.

ఆ మధ్యాహ్నమే ఆమె తీగ కట్టను తీసుకెళ్ళి అమ్మినవాడి బల్లమీద పడేసింది. వాడు నసిగి, అసలు రాగి ఇచ్చాడు. దాంతో మోటారు మళ్ళీ చుట్టి బిగించాక, ఆదివారం సాయంత్రానికి ట్యాంకు నిండి పొర్లింది. వెంకటనారాయణ స్వయంగా దుకాణానికి వచ్చి, "తప్పుగ అన్న సక్కుబాయీ" అని ఒప్పుకున్నాడు.

మర్నాడు రసజ్ఞ ఆఫీసులో ఉండగా ఫోన్ మోగింది.

"మేడం, కొత్త మీటరు కొన్న! పెన్సిల్ ముల్లుకు పది ఓములు. మా ఆయన పొడి చేతులకు ఐదు లక్షలు, తడి చేతులకు ఇరవై వేలే! ఇగ చాయ్‌ల గూడ పెట్టి చూస్తనంటే గిలాస పట్టుకుని పారిపోతుండు, జర ఉండుండ్రి!"