జాతకాల కంప్యూటర్ విప్పిన రోజు

"తెర సరిగ్గా లాగు బాలా," అన్నారు మా ఆయన, వీధి మెట్ల మీద చెప్పులు విడుస్తున్న చప్పుడు వినగానే.

లాగాను. తెరకి అవతల ఆయన ఉంటారు. పట్టుపంచె, నుదుట బొట్టు, బల్ల మీద పంచాంగం, గోడకి 'కంప్యూటర్ జాతక కేంద్రం' అనే బోర్డు. ఇవతల నేనూ, కంప్యూటరూ, ప్రింటరూ, చేతికందేంత దూరంలో రెండు ఫ్లాపీలూ. పుట్టిన తేదీ, వేళ, ఊరు ఆయన పైకి గట్టిగా చదువుతారు. వచ్చినవాళ్లు ఆయనేదో మంత్రంలా చదువుతున్నారనుకుంటారు. ఆ చదవడం నాకోసం. నేను మీటలు చప్పుడు కాకుండా నొక్కుతాను. మొదటి ఫ్లాపీ తీసి రెండోది పెడతాను, మళ్లీ మొదటిది పెడతాను. నల్లటి స్క్రీను మీద పచ్చటి అంకెలు ఒక్కొక్కటే పుట్టుకొస్తుంటే, నీళ్లలోంచి నాచు పైకి తేలినట్టుంటుంది. ఇంగ్లీషులో అచ్చయిన ఫలితాలని నేనే తెలుగు చేసి, గుండ్రటి అక్షరాలతో మంచి కాగితం మీద రాసి, తెర కిందనుంచి అందిస్తాను. కింద సంతకం ఆయనది.

ఆడమనిషి వేసిన జాతకమంటే ఎవరూ నమ్మరని మొదటిరోజే చెప్పారాయన. కోపంగా కాదు. కూరలో ఉప్పు ఎంత వెయ్యాలో చెప్పినట్టు చెప్పారు. ఆయన పేరు లక్ష్మీనరసింహం, చిలకలూరిపేట హైస్కూల్లో తెలుగు పండితులు. గుంటూరులో ఒక పొగాకు కంపెనీ ఆఫీసు ఎత్తేస్తుంటే అక్కడి పాత కంప్యూటర్‌ని తెచ్చారు. తెచ్చిన కొత్తలో ఆయనే కూర్చునేవారు. విసుగొచ్చి, నువ్వు పెళ్లికి ముందు టైపు నేర్చుకున్నావు కదా అని నన్ను కూర్చోబెట్టారు. అప్పట్నుంచి అన్నం వార్చి వచ్చి కూర్చుంటాను, పిల్లలిద్దరికీ జడలు వేసి వచ్చి కూర్చుంటాను, జాతకం అచ్చవుతున్నంతసేపు పప్పు మాడుతుందేమోనని ఒక చెవి వంటింటి వైపు వేసి కూర్చుంటాను. ఎవరైనా, మీరేం చేస్తుంటారమ్మా అని అడిగితే మాత్రం ఆయనే చెబుతారు. ఇంట్లోనే ఉంటుందండీ, అంటారు.

మొదటి నెల నేను బయట చేరినప్పుడు చిక్కు వచ్చిపడింది. మా అత్తయ్య జ్ఞానప్రసూనాంబ గారికి ఆ విషయంలో ఎంత పట్టింపో ఊరందరికీ తెలుసు. పెరటి వసారాలో చాప, చెంబు, విడిగా కంచం. ఆ రోజే నరసరావుపేట నుంచి ఎవరో పెద్దవాళ్లు కారు వేసుకుని వచ్చారు. ఆయన ఇంట్లోకీ పెరట్లోకీ తిరిగి తిరిగి చివరికి తల్లినే అడిగారు. ఆవిడ కాసేపు ఆలోచించి, అది దొరల ఇనుము, దానికి మైల అంటదు, పెరటి దారిన వచ్చి కూర్చోమను, దేవుడి గది వైపు మాత్రం చూడొద్దను అని తేల్చారు. నవగ్రహాలని ముట్టుకోవచ్చు, ఉప్పు జాడీని ముట్టుకోకూడదు. అప్పుడు నాకు నవ్వు రాలేదు. చాలా రోజుల తర్వాత, మిరపకాయలు ఎండబోస్తూ, ఉన్నట్టుండి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఒక్కో జాతకానికీ అరగంట పైనే పట్టడంతో వచ్చినవాళ్లు అలిగి లేచిపోవడం మొదలుపెట్టారు. మార్టూరు నుంచి వచ్చిన రాళ్ల వ్యాపారి ఒకాయన, ఈపాటికి చేత్తోనే లెక్క కట్టేసేవాళ్లు కదండీ అన్నాడు. ఆ మాట మా ఆయనకి గుచ్చుకుంది. కొత్తది కొనే స్థోమత లేదు. పాతదాన్నే బాగుచేసే మనిషిని పంపమని గుంటూరులో ఒక షాపువాళ్లకి చెప్పొచ్చారు.

ఆ మనిషి వచ్చేసరికి ఆయన బడిలో ఉన్నారు. నేను పెరటి వసారాలో ఉన్నాను. పాతికేళ్లు కూడా లేని అమ్మాయి, నేత చీర, భుజానికి బరువైన సంచీ. పేరు జైనాబీ. అత్తయ్య ఆ అమ్మాయిని కిందికీ పైకీ చూసి, మగవాళ్లెవరూ లేరా మీ షాపులో అని అడిగారు. ఉన్నారండీ, వాళ్లు టీవీలు చూస్తారు, నేను కంప్యూటర్లు చూస్తాను అంది. అత్తయ్య నాకు సైగ చేశారు. నేను పెరటి దారిన లోపలికెళ్లాను.

జైనాబీ నేల మీద పాత దుప్పటి పరిపించుకుని, మరలు విప్పి, డబ్బా పైకప్పు ఎత్తింది. లోపల దూది. మా ఊరి జిన్నింగు మిల్లుల నుంచి గాల్లో తేలివచ్చే నూగుదూదంతా ఏళ్ల తరబడి అక్కడ చేరి మెత్తటి పరుపయింది. అది తీస్తుంటే అడుగున చిన్న చిన్న నల్లటి బిళ్లలు వరసల్లో కనిపించాయి. ఇన్నాళ్లూ నేను వేళ్లతో మాట్లాడింది వీటితోనా అనిపించింది. ఎవరి ఇంట్లోకో తలుపు తీసి చూస్తున్నట్టు కొంచెం సిగ్గేసింది కూడా.

"కొత్తది ఎందుకక్కా," అంది జైనాబీ. "డబ్బా గట్టిది. స్క్రీను బాగుంది. కీబోర్డు మీద అక్షరాలు అరిగాయి గానీ మీటలు బాగున్నాయి. లోపలి బోర్డొకటి మార్చి, కాస్త మెమరీ పెంచితే చాలు. ఈ పాత చిప్పులు కూడా కొత్త బోర్డులో పడతాయి. జాగ్రత్తగా ఊడదీయాలంతే. నువ్వు తీస్తావా?"

నేనా అన్నాను. నీ చేతులు వణకవు, దూది తీస్తున్నప్పుడు చూశాను కదా అంది. ముందు ఇనప డబ్బాని ఒకసారి ముట్టుకోమంది, ఒంట్లోని కరెంటు పోవడానికట. తర్వాత సన్నటి స్క్రూడ్రైవర్ ఇచ్చింది. చిప్పు ఈ చివర కొంచెం, ఆ చివర కొంచెం లేపాలి. జెర్రి కాళ్లలా అటూ ఇటూ సన్నటి కాళ్లు. ఒకదాని కాలు వంగితే కనుబొమల పట్టకారు తెచ్చి తిన్నగా చేశాను. కిటికీలోంచి మిరప ఘాటు వస్తోంది. లారీ హారన్లు ఎక్కడో దూరంగా వినిపిస్తున్నాయి. ఎవరూ నన్ను పిలవలేదు. పొయ్యి మీద ఏమీ లేదు. ఆ పూట నా ఒంట్లోకి ఒక నిదానం దిగింది. చిన్నప్పుడు చెరుకు బండి మీద వెల్లకిలా పడుకుని ఊరికి వెళుతున్నప్పుడు, కింద చక్రాలు తిరుగుతున్నా ఆకాశం కదలనట్టు ఉండేది. అలాంటి నిదానం. చెయ్యి ఒక్కటే తెలివిగా ఉంది, మిగతా నేనంతా ఎక్కడో తేలుతున్నాను.

మధ్యాహ్నం అత్తయ్య రెండు విస్తళ్లు వసారాలో పెట్టి దూరంగా జరిగారు. ఒకటి నాకు, ఒకటి జైనాబీకి. ఇద్దరివీ ఒకచోటే ఎందుకో ఆ అమ్మాయికి అర్థమైంది, నాకూ తెలుసు. ఇద్దరం గోంగూర కలుపుకుని హాయిగా తిన్నాం. షాపు మేడ మీద ఆడపిల్లలకి కంప్యూటర్ క్లాసులు పెడుతున్నారని, ఇంగ్లీషు పుస్తకం చదివి వినిపించేవాళ్లే గాని తెలుగులో విడమరచి చెప్పేవాళ్లు దొరకడం లేదని జైనాబీ చెప్పింది. నువ్వు చెప్పగలవక్కా అంది. నేను మజ్జిగ పోసుకుంటూ, మా ఇంట్లో కుదరదమ్మా అన్నాను. అత్తయ్య వంటింటి గుమ్మంలోనే ఉన్నారు.

మూడు గంటలకి అన్నీ బిగించి స్విచ్చి వేశాం. నడుస్తోంది. మెమరీ పెరిగింది కాబట్టి ఇప్పుడు ఫ్లాపీలు మార్చే పనే లేదు. ఒక జాతకం వేసి చూడు, నీదే వెయ్యి అంది జైనాబీ.

తేదీ కొట్టాను. వేళ దగ్గర వేలు ఆగిపోయింది. నా పుట్టిన వేళ నాకు తెలియదు. పొద్దు వాలాక అనేది అమ్మ. దీపాలు పెట్టాక అనేది మేనత్త. నాలుగో ఆడపిల్లని, గడియారం ఎవరు చూశారు? పెళ్లి సంబంధం వచ్చినప్పుడు వరుడి జాతకానికి కుదిరేలా మా నాన్నే ఒక వేళ కట్టాడు. పిల్ల సుఖపడుతుందంటే దేవుడు కూడా ఒక గంట సర్దుకుంటాడులే అని నవ్వాడు. ఆ సర్దిన గంట పట్టుకునే ఈయన ఇన్నేళ్లూ మాట్లాడారు. పాలు విరిగినా, ప్రమోషను రాకపోయినా ఒకటే మాట. నాలుగో ఇంట శనిని పెట్టుకు వచ్చావు, ఇంట్లో సుఖమెక్కడుంటుంది అని. నేనూ నమ్మాను. గదులు ఊడుస్తూ ఊడుస్తూ, నా వెనకాలే ఒక నల్లటి మనిషి నడుస్తున్నట్టు అనుకునేదాన్ని.

ఆ వేళే కొట్టాను. ఉన్నాడు, నాలుగో ఇంటే ఉన్నాడు శని. రెండు గంటలు ముందుకి జరిపి మళ్లీ కొట్టాను. క్షణాల్లో అంకెలు మారిపోయాయి. శని నాలుగో ఇంట్లోంచి లేచి మూడో ఇంటికి వెళ్లాడు. తెలుగు చేసుకుంటే సాహసము, ప్రయాణములు అని వచ్చింది. మా అమ్మ మాటని బట్టి ఒకటి, మేనత్త మాటని బట్టి ఒకటి, తెల్లవారుజామున ఒకటి వేశాను. ఒకదాంట్లో నేను నీళ్లు దాటి వెళతాను. ఒకదాంట్లో నలుగురికి చదువు చెబుతాను. పచ్చటి వెలుగులో ఇందరు నేనులు వచ్చి నిలబడి, నన్ను చూసి, పక్కకి తప్పుకుంటున్నారు. వీళ్లలో ఎవరు అబద్ధం? అన్నిటికంటే అబద్ధం ఇన్నేళ్లూ నేను మోసినదే కదా. జైనాబీ సంచీ సర్దుకుని వెళ్లొస్తానని చెప్పింది కూడా నాకు సగమే వినపడింది.

సాయంత్రం ఆయన వచ్చి చూసి చాలా సంతోషించారు. ఇంత సులువైతే ఇక తానే వేసుకుంటానని, మనుషుల ఎదురుగా మీట నొక్కితే ఆ దర్జా వేరని, నాకిక వంటింట్లో తెరిపి దొరుకుతుందని అన్నారు. మేలు చేస్తున్న మనిషి ముఖంతోనే అన్నారు. నేను వసారాలో చాప మీద కూర్చుని విన్నాను. ఇష్టపడి చేసే పనొకటి నాకుందని, అది చేజారుతున్నప్పుడే తెలిసింది.

మర్నాడు మధ్యాహ్నం, ఆయన బడికి వెళ్లాక, అత్తయ్య కంప్యూటర్ గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. నేను పనేమీ లేకపోయినా వసారాలోంచి పెరటి దారిన వచ్చి దాని ముందు కూర్చుని ఉన్నాను.

"నాదీ ఒకటి వెయ్యవే," అన్నారు. "నాకూ వేళ తెలీదు. మీ మావగారికి ఏ వేళ చెప్పి పెళ్లి చేశారో, అదీ తెలీదు. నిన్న నువ్వు మార్చి మార్చి వేసుకోవడం చూశాను."

"మీకు ఎప్పుడు పుట్టాలనుంది అత్తయ్యా?" అన్నాను.

ఆవిడ నాకేసి చూశారు. ఇష్టమేమిటని ఎవరైనా అడగడం ఆవిడకి అలవాటు లేదు. కిటికీ బయట మిరపలోంచి తాలుకాయలు ఏరుతున్న కూలీల పాట వినిపిస్తోంది. "తెల్లవారుజామున పెట్టు," అన్నారు మెల్లగా. "ఇంట్లో అందరూ ఇంకా నిద్దర్లో ఉండాలి." అంటూ వచ్చి నా బెంచీ మీదే, నా పక్కనే కూర్చున్నారు. ఆవిడ మడిచీర అంచు నా మోకాలి మీద పడింది. ఆవిడ చూసుకున్నారు. తీసుకోలేదు. అంకెలు వస్తున్నంతసేపూ చిన్నపిల్లలా స్క్రీను దగ్గరికి ముఖం పెట్టి చూస్తూనే ఉన్నారు.

ఆదివారం రాత్రి భోజనాల దగ్గర ఆయనతో చెప్పాను. రేపటి నుంచి గుంటూరు వెళుతున్నాను, షాపులో క్లాసులు చెబుతాను, జైనాబీకి కబురు పెట్టి జీతం మాట్లాడుకున్నాను అని. వెళ్లనా అని అడుగుదామనే నోరు తెరిచాను. వెళుతున్నాను అనే వచ్చింది.

ఆయన ముద్ద కంచంలో వదిలేసి తల్లి వైపు తిరిగారు. "విన్నావా అమ్మా దీని మాటలు?"

"విన్నాను," అన్నారు అత్తయ్య, ఆయన కంచంలో మజ్జిగ పోస్తూ. "పొద్దున దానికి క్యారేజీ నేను కడతాను. మధ్యాహ్నం బడి నుంచి వచ్చి నువ్వు వడ్డించుకు తిను. నాకూ వడ్డించు."