అక్క కూర్చున్న బోగీ

పాత ఫొటోల్లో కనిపించే రైలుపెట్టె ఏ రకానిదో, ఏ కాలం నాటిదో తేల్చడం ఆ ఇంటి కోడలి ఉద్యోగం. రైల్వే మ్యూజియంలో అందరూ ఆమెను 'భూతద్దం మేడం' అనేవారు. కిటికీల వరస, పైకప్పు వంపు చూస్తే చాలు, బోగీ జాతకం మొత్తం చెప్పేసేది.

ఆ వేసవిలో మ్యూజియం షెడ్డుకు ఒక చెక్క బోగీ వచ్చింది. ఏళ్ల తరబడి సామాన్ల గదిగా వాడేసరికి నంబరు చెరిగిపోయింది. అదేమిటో తేల్చడానికి ఫొటోలు తిరగేస్తుంటే ఒకదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. పట్టాలు తప్పి నదిలోకి ఒరిగిన రైలు. ఒక బోగీ తలుపు పక్కన పలక వంకరగా చీలివుంది. షెడ్డుకు పరిగెత్తింది. రంగు కింద అదే చీలిక వేలికి తగిలింది.

చిన్నప్పుడు ఆ ప్రమాదంలో, ఆ బోగీలోనే అత్తగారి అక్క పోయింది. పదేళ్ల పిల్ల. పక్కనే కూర్చున్న అత్తగారు ఎలాగో బతికి బయటపడ్డారు. మళ్లీ రైలు మొహం చూడలేదు.

చెప్పాలా వద్దా అని గుంజాటన పడి, చివరికి భోజనాల దగ్గర బయటపెట్టేసింది. "అత్తయ్యా, మీ అక్క కూర్చున్న ఆ బోగీ మా దగ్గరికే వచ్చింది."

అత్తగారు చేతిలో గ్లాసు కింద పెట్టేశారు. "నన్ను తీసుకెళ్లు."

"ఎందుకులెండి, లేనిపోని బెంగ పెట్టుకుంటారు."

"ఉన్న బెంగే కదే, కొత్తగా వచ్చేదేముంది?"

మర్నాడు పొద్దున్నే తీసుకెళ్లింది. అత్తగారు తడుముకోకుండా నడిచివెళ్లి ఒక బల్ల మీద కూర్చున్నారు. కిటికీ పక్కన కోడలు కూర్చోబోతే, "ఇటు రావే, అది అక్క చోటు" అన్నారు.

షెడ్డు పెనంలా కాలుతోంది. అయినా కోడలికి తడిజుట్టు వాసన వేసింది. ఆ ఖాళీ చోట చెక్క మీద నీటి చెమ్మ మెల్లగా పరుచుకుంటోంది. కప్పు వైపు చూసింది. పొడిగానే ఉంది.

అత్తగారు చేతిరుమాలు తీసి, పసిపిల్ల తల తుడిచినట్టు ఆ చెమ్మ తుడిచారు. "ఇంకా ఆరలేదుటే నీకు?" అన్నారు. "భయమేసి రాలేకపోయానే అక్కా."

తరవాత వడ్రంగి మేస్త్రీ వార్నిష్ వెయ్యడానికొస్తే, ఆ బల్ల ఆరేదాకా ఆగమంది కోడలు. ఆయన చెయ్యి పెట్టి చూసి, "పొడిగానే ఉందిగా మేడం!" అన్నాడు.

అత్తగారు ఇప్పుడు కంటినిండా నిద్రపోతున్నారు. ఆ చేతిరుమాలే, ఎంత ఎండలో వేసినా ఆరడం లేదు. రోజూ దాన్ని పిండి తీగ మీద వేసేది కోడలే.