తాత పుట్టిన చోటు

కెరెన్సాకి పద్దెనిమిదేళ్ళు నిండడానికి ఇంకా ఐదు వారాలున్నాయనగా ఆ ఉత్తరం వచ్చింది. స్కూలు వాళ్ళు పిల్లల్ని ఫ్రాన్సు తీసుకెళ్తున్నారని తల్లి హెస్టర్ బ్రిటిష్ పాస్‌పోర్టుకి దరఖాస్తు పెట్టింది, దానికి జవాబు. హెస్టర్ వంటింట్లో నిలబడే చదివింది. మీ అమ్మాయి బ్రిటిష్ పౌరురాలు కాదు అని చాలా మర్యాదగా రాశారు.

హెస్టర్ పుట్టింది జాంబియాలో, కిట్వే అనే రాగిగనుల ఊళ్ళో. ఇంగ్లండులో వాళ్ళ సొంతూరు రెడ్రూత్‌లో తగరపు గనులు ఒక్కొక్కటే మూతపడుతుంటే మగవాళ్ళు పలుగూ పారా పట్టుకుని ప్రపంచమంతా తిరిగారు. ఆమె తండ్రి జేబెజ్ ట్రెంబాత్ కూడా అలాగే వెళ్ళాడు. పదకొండేళ్ళప్పుడు చదువు కోసం ఆమెను రెడ్రూత్‌లో నానమ్మ దగ్గరికి పంపారు. ఐదేళ్ళు చదివి తిరిగి కిట్వే వెళ్ళింది. అక్కడివాడే, ములెంగా అనే సర్వేయరును పెళ్ళాడింది, కెరెన్సాను కన్నది. పిల్లకి తొమ్మిదేళ్ళప్పుడు ములెంగా జ్వరంతో పోయాడు. అప్పటికే జేబెజ్ రెడ్రూత్ తిరిగొచ్చేశాడు, పిల్లను తీసుకుని హెస్టర్ కూడా వచ్చేసింది. పిల్ల జాంబియా పాస్‌పోర్టులో ఆరు నెలలే ఉండొచ్చని ముద్ర వేశారు. తల్లి ఈ దేశస్థురాలైతే పిల్ల కాకపోతుందా అని ఆ ముద్ర సంగతే మరిచిపోయింది.

ఉచిత సలహా కేంద్రంలో పాస్కో గారనే పెద్దావిడ ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది.

"మీరు బయట పుట్టారు, మీ నాన్నగారి వల్ల మీకు పౌరసత్వం వచ్చింది. అలా వచ్చింది ఒక్క తరంతో ఆగిపోతుందమ్మా. మీకు బయట పుట్టిన పిల్లకి దానంతటది రాదు."

"అయితే దాన్ని పంపించేస్తారా?"

"కంగారు పడకండి, ఒక దారుంది. పిల్ల పుట్టకముందు మీరు ఇక్కడ మూడేళ్ళకి పైగా ఉన్నారు, దానికి మీ స్కూలు కాగితాలు చాలు. మీ నాన్నగారు ఈ గడ్డమీద పుట్టినట్టు బర్త్ సర్టిఫికెట్ కావాలి. పిల్లకి పద్దెనిమిది నిండేలోపు దరఖాస్తు వాళ్ళకి చేరాలి. ఒక్కరోజు దాటినా ఆ దారి మూసుకుపోతుంది."

"కొంపదీసి ఆయనా బయటే పుట్టుంటే?" హెస్టర్ నవ్వుతూనే అడిగింది.

పాస్కో గారు నవ్వలేదు. "అప్పుడు మీ పౌరసత్వం సంగతి కూడా మొదట్నుంచీ చూడాల్సొస్తుంది."

ఆ సాయంత్రమే హెస్టర్ తండ్రి ఇంటికి వెళ్ళింది. జేబెజ్‌కి డెబ్బై నాలుగు. ఇప్పటికీ ఆదివారం చర్చిలో అందరికంటే లావు గొంతు ఆయనదే. కూతురు చెప్పిందంతా విని, బంగాళాదుంప చెక్కుతున్న కత్తి పక్కన పెట్టాడు.

"సర్టిఫికెటా? కిట్వేలోనే చెదలు తినేసింది."

"ఇంకొకటి తీసుకుందాం నాన్నా. రిజిస్ట్రారు ఆఫీసులో అడిగితే ఇస్తారు."

"నేను నార్త్ పెరేడ్ వీధిలో పుట్టానని ఊరందరికీ తెలుసు. అది చాలదా వాళ్ళకి?"

"ఊరు చెబితే వాళ్ళు వింటారా?"

"నన్ను విసిగించకే అమ్మాయ్." ఆయన బంగాళాదుంప మళ్ళీ అందుకున్నాడు. "డెబ్బై ఏళ్ళొచ్చాక నేనెవరో నేను రుజువు చేసుకోవాలా? వదిలెయ్."

ఆయన ఇంత గట్టిగా కసరడం హెస్టర్ ఎన్నడూ చూడలేదు. ఇంటికి నడుస్తూ లెక్కలు వేసుకుంది. నాన్నకి నాన్న, తాత ట్రెంబాత్, మెక్సికో వెండిగనుల్లో చాలా ఏళ్ళు పనిచేశాడు. ఎప్పుడు వెళ్ళాడు? ఎప్పుడు వచ్చాడు? నాన్న పుట్టేనాటికి ఆయన ఎక్కడున్నాడు?

తండ్రికి చెప్పకుండా తనే రిజిస్ట్రారుకి రాసింది. పదకొండు రోజులకి జవాబొచ్చింది. ఆయన పుట్టిన ఏడాదికి అటూ ఇటూ కలిపి మూడేళ్ళలో జేబెజ్ ట్రెంబాత్ అనే పేరుతో ఈ జిల్లాలో ఏ జననమూ నమోదు కాలేదట.

హెస్టర్ ఆ జవాబు మళ్ళీ చదివింది. మెట్లమీదే కూలబడింది. అంటే తండ్రి మెక్సికోలో పుట్టాడు. అదే నిజమైతే కూతురే కాదు, తనూ ఈ దేశపు మనిషి కాదు. దరఖాస్తు పంపితే ఆ సంగతి తన చేత్తో తనే రాసిచ్చినట్టు. పంపకపోతే పన్నెండు రోజుల తర్వాత కెరెన్సా పని అయిపోయినట్టే. కూతురి ఆశ పోయినా సరే, తన చోటు తనకుంటే చాలన్న ఆలోచన ఒక్క క్షణం మెదిలింది. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

వెనకనుంచి కెరెన్సా గొంతు వినబడింది. "దొరకలేదా అమ్మా?"

ఆ పిల్ల ఈ మూడు వారాల్లో సగమైపోయింది. బేకరీలో శనివారం పని మానేసింది, పనిచేసే హక్కు లేదని ఎవరైనా పట్టుకుంటారని. వీధిలో పోలీసు కారు కనిపిస్తే దుకాణాల్లోకి దూరిపోతోంది. తండ్రి రంగు వచ్చిన పిల్ల. స్కూల్లో ఎప్పుడైనా ఎవడైనా "నీది ఏ ఊరే?" అంటే "రెడ్రూతేరా, నీలాగే" అని తిప్పికొట్టేది. ఇప్పుడు ఎవరు అడిగినా మాట్లాడడం లేదు.

"నన్ను కిట్వే పంపిస్తే అక్కడ ఎవరున్నారమ్మా? నాన్న సమాధి తప్ప నాకేం గుర్తులేదు."

హెస్టర్ కోటు తగిలించుకుని, ఆ జవాబు పట్టుకుని, కెరెన్సాను వెంటబెట్టుకుని తండ్రి ఇంటికి వెళ్ళింది. లోపలికి అడుగుపెడుతూనే కాగితం బల్లమీద పెట్టింది.

"నాన్నా, నిజం చెప్పు. నువ్వు మెక్సికోలో పుట్టావా?"

జేబెజ్ వెర్రిగా చూశాడు. "మెక్సికో ఏంటే?"

"మరి ఇక్కడ నీ పేరు ఎందుకు లేదు? నీ మనవరాలికి ఇంక పన్నెండు రోజులే ఉంది. నువ్వు దాస్తున్నదేదో దాని మెడకి చుట్టుకుంటోంది!"

ముసలాయన మనవరాలి వైపు చూశాడు. పిల్ల గుమ్మం దగ్గరే నిలబడి చేతులు నలుపుకుంటోంది.

"ఆ పేరుతో వెతికితే ఎలా దొరుకుతుంది," అన్నాడు చివరికి, నేలకేసి చూస్తూ. "నేను ట్రెంబాత్‌గా పుట్టలేదు. ఆంగోవ్. మా అమ్మ ఇంటిపేరు. ఈ ఊరి చివరే, బార్న్‌కూస్‌లో... దిక్కులేనివాళ్ళని పెట్టే ఆశ్రమంలో పుట్టాను. మా అమ్మ నార్త్ పెరేడ్‌లో ఒకరింట్లో పనిమనిషి, మెట్లు తుడిచేది. ఆ ఇంటివాళ్ళు కడుపు చూసి వెళ్ళగొట్టారు. నాకు మూడేళ్ళప్పుడు ట్రెంబాత్ మెక్సికో నుంచి వచ్చాడు, ఆవిణ్ణి చేసుకున్నాడు, నాకు పేరిచ్చాడు. నన్ను కన్నవాడెవడో మా అమ్మ చచ్చేదాకా చెప్పలేదు."

హెస్టర్ కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"స్కూల్లో పిల్లలు తండ్రి లేనివాడని వెంటపడి పాడేవాళ్ళు. ఒకడి పన్ను రాలగొట్టాను. ఆ తర్వాత అడిగిన వాడికల్లా నార్త్ పెరేడ్ అనే చెప్పాను. మీ అమ్మక్కూడా అదే చెప్పాను."

"దీనికోసమా తాతా?" కెరెన్సా గుమ్మం దగ్గర్నుంచి ముందుకొచ్చింది. "దీనికోసం నన్ను ఇన్నాళ్ళు చంపావా?"

ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళారు. బెంచీమీద ఇద్దరు ముగ్గురున్నారు. అందులో ఒకడు ట్రెగియర్, చర్చిలో పాటలు నడిపించే ఆయన, తల్లి పోతే నమోదు చేయించడానికి వచ్చాడు. అతన్ని చూడగానే జేబెజ్ వెనక్కి తిరిగాడు. హెస్టర్ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"పేరు?" అని అడిగింది గుమాస్తా.

"జేబెజ్ ఆంగోవ్."

"తండ్రి పేరు?"

"లేదు."

"పుట్టిన చోటు? కొంచెం గట్టిగా చెప్పండి, వినబడటం లేదు."

జేబెజ్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "బార్న్‌కూస్," అన్నాడు చర్చిలో పాడే ఆ లావు గొంతుతో. "ఆశ్రమం."

బెంచీమీద ట్రెగియర్ తలెత్తి చూసి, మళ్ళీ చూపు తన కాగితాల్లోకి దించుకున్నాడు.

గుమాస్తా లోపలికి వెళ్ళింది. ఇరవై నిమిషాలు రాలేదు. ఇక్కడా లేదంటుందేమో, అప్పట్లో అలాంటి పిల్లల పేర్లు ఎక్కించేవాళ్ళో లేదో అని హెస్టర్ గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది. గుమాస్తా తిరిగొచ్చి కాగితం ముందు పెట్టింది. తండ్రి గడిలో ఒక అడ్డగీత. పుట్టిన చోటు బార్న్‌కూస్. కెరెన్సా ఆ అక్షరాలమీద వేలు పెట్టి చదివి, తాత భుజానికి తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది.

ఆంగోవ్, ట్రెంబాత్ ఒక్కడేనని లాయరు ముందు ప్రమాణం చేయడానికి, నానమ్మ పెళ్ళి కాగితం తెప్పించడానికి ఐదు రోజులు పట్టింది. దరఖాస్తు పోస్టులో వేశాక హెస్టర్ గంటకోసారి ఫోను చేసి అందిందా అని అడిగింది. మూడు రోజుల గడువుండగా అవతల ఎవరో సంతకం పెట్టి తీసుకున్నారు.

జేబెజ్ రెండు ఆదివారాలు చర్చికి వెళ్ళలేదు. మూడో ఆదివారం వెళ్ళాడు. ట్రెగియర్ ఏమీ అనకుండా పాటల పుస్తకం అందించాడు. అంతకు మించి ఏమీ జరగలేదు.

నిర్ణయం రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఒప్పుకున్నారు. అప్పటికి పద్దెనిమిది నిండాయి కాబట్టి కెరెన్సా దగ్గర్లోని ట్రూరో అనే ఊరు వెళ్ళి, అందరి ముందూ నిలబడి ఈ దేశానికి విధేయంగా ఉంటానని ప్రమాణం చేసింది. జేబెజ్ ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాడు. పాస్కో గారు కూడా వచ్చి పిల్లను దగ్గరికి తీసుకుంది.

"ఇంక నాకేం భయం లేదు కదండీ?" అంది కెరెన్సా.

"నీకేం లేదమ్మా. నిన్నెవరూ పంపలేరు." పాస్కో గారు పిల్ల భుజమ్మీద చెయ్యి వేసింది. "ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. నీకు వచ్చింది కూడా మీ అమ్మలాంటిదే. రేపు నీ పిల్లలు బయట పుడితే, వాళ్ళకీ దానంతటది రాదు."

ఇంటికి వెళ్ళే బస్సులో జేబెజ్ కునుకు తీశాడు. కెరెన్సా కిటికీ పక్కన కూర్చుని, ఇచ్చిన పత్రాన్ని ఒళ్ళో పెట్టుకుని, ముందూ వెనకా తిప్పి చూసింది. నోరు తెరిచి ఏదో అడగబోయి ఆగింది. రేపు తన పిల్లలూ ఇలాగే ఆఫీసుల చుట్టూ తిరగాలా అని, హెస్టర్‌కి ఆ ప్రశ్న తెలుసు. ఆమె కూతురి చెయ్యి అందుకుని గట్టిగా పట్టుకుంది.