ఇసుక సంచి ముందర నీలమ్మ

ముసలితనంలో అక్షరాలు దిద్దిన చెయ్యి ఇది, తప్పులుంటే మన్నించండి, ఒక్కో మాటకు ఆగి ఆగి రాస్తాను, సంగతి నాదే అయినా నేను అని రాయబోతే కలం కదల్లేదు, అందుకే నీలమ్మ అని రాశాను.

దీనికి నొప్పి తెలియదు కదా అనుకుంది నీలమ్మ, ఫలక్‌నుమాలో చర్చి వెనక రేకుల షెడ్డులో దూలానికి వేలాడే ఇసుక సంచిని చూస్తూ, చేతులకు చుట్టుకున్న పేలికలు పోయినేడు పోయిన పెనిమిటి ధోవతివి, కొట్టక్కా, అది తిరిగి కొట్టదు అంటున్నాడు సీమోను, పగలు రైల్వేలో పని, తెల్లారి పిల్లలకు బాక్సింగ్ నేర్పే పొరుగింటి తమ్ముడు, మెట్ల మీద ఆయాసపడుతున్న ఆమెను చూసి, పిల్లలు రాకముందే రా అక్కా, ఒంట్లకు బలమొస్తది అన్నాడు, ఆయన పోయాక చాప మీదే పడి ఉండి ఒళ్ళు చచ్చుబడింది, కారం దంచే చోట ఒకే రోట్లో ఇద్దరి రోకళ్ళు పడాలి, ఒకటి లేస్తుంటే ఒకటి దిగాలి, తనకు ఊపిరందక మొన్న రెండూ ఢీకొన్నాయి, ఇంకోసారి గిట్లయితే వేరేదాన్ని జోడు పెట్టుకుంటనే అంది కళావతి, ఆ పని పోతే పొయ్యి వెలగదు, బాక్సింగా, ఎవర్ని కొట్టనీకే, మీ అత్త గూడ లేదాయె అని నవ్వింది కూడా ఆ కళావతే, సంచిని కొట్టింది నీలమ్మ, నాలుగు దెబ్బలకే కళ్ళు బైర్లు కమ్మాయి, ఊపిరి బిగబడుతున్నవక్కా, గందుకే, అన్నాడు సీమోను, అవును, రోకలి పడేటప్పుడు ఊపిరి బిగబట్టవే, ఘాటు రొమ్ములకు పోతదని చిన్నప్పుడే అమ్మ నేర్పింది అని చెప్పింది, వదిలేటప్పుడు ఘాటు లోపలికెట్ల వస్తదక్కా, దెబ్బకు వదులు, ముక్కుకు గుడ్డ ఉండనే ఉండె, రోకలి లేసినప్పుడు పీల్చు, వదలడం రాకపోతే ఎవరి పేరన్న అను, గాలి అదే పోతది.

ఎవరి పేరు, కళావతి పేరంటే దెబ్బ ఇంకా గట్టిగా పడుతుందేమో అని నవ్వొచ్చింది, నవ్వులోనే ఇంకో పేరు గొంతుదాకా వచ్చి ఆగింది, ఒక్కనాడూ నోట తీయని పేరు, బియ్యం కార్డు గుమాస్తా మీ ఆయన పేరేందమ్మా అంటే పక్కామెతో చెప్పించిన పేరు, తీస్తే మొగుని ఆయుష్షు తగ్గుతుందంటారు, దాచింది, దాచినా పోయాడు, పాడె లేచిననాడు కూడా రోటి ముందరలాగే ఊపిరి బిగబట్టి నిలబడింది, గిదేందే, కన్నీళ్ళు గూడ లేవు అన్నారు చుట్టాలు, చెయ్యి లేచింది, ఎల్లప్పా అంది, సంచి ఊగింది, ఎల్లప్పా, ఛాతీలో ఎన్నాళ్ళదో గాలి వెచ్చగా బయటికొచ్చింది, సీమోను అటు తిరిగి తాళ్ళు సర్దుకుంటూ ఉండిపోయాడు.

ఎండుమిరపకాయల వాసన, కళావతి రోకలి దిగింది, తనది లేచింది, లోపల లోపల ఎవర్నే పిలుస్తున్నవ్, పిలుసుకో గానీ నా రోకలికి తగలకు అంది కళావతి, తగల్లేదు, పొద్దెక్కినా తగల్లేదు, గుడ్డ కింద పెదాలు కదులుతూనే ఉన్నాయి, ఆ పేరుకు ఇంక తగ్గే ఆయుష్షు లేదు, పిలవొచ్చు, ఎంత గట్టిగానైనా పిలవొచ్చు.

నీలమ్మ, అరవై ఏడేళ్ళు, ఇప్పుడు ఉండేది ఛత్రినాకలో.