గుణదల దారి

ఎల్బీ నగర్‌లో క్యాబ్ నడిపే బెన్నీ, విజయవాడలోని గుణదల మాత కొండకు నడిచి వెళ్లాలనుకున్నాడు. ఫోనులో దారి చూస్తూ, మజిలీలు ఎక్కడ చేయాలా అని ఆలోచిస్తున్నాడు.

"సూర్యాపేట దాటినంక ఏడ పండాల్నో తెలుస్తలేదు."

"కోదాడ చర్చిల పండనిస్తరు," అంది బియ్యం ఏరుతున్న తల్లి ఎలీశమ్మ.

"నీకెట్ల తెల్సు?"

"నడిచిన గద. నీకు ఏడాది నిండకముందే పానం మీదికొచ్చింది. దవాఖానల ఆశ లేదన్నరు. మాతకు మొక్కిన. నువ్వు బతికినంక సంకనేసుకొని పోయిన."

"ఒక్కదానివేనా?"

"నువ్వున్నవ్ గద!"

విజయవాడ హైవే ఎంత పొడవో బెన్నీకి తెలుసు. ఇన్నేళ్లలో ఆమె ఒక్కసారైనా ఈ సంగతి చెప్పలేదు. బక్కపలచని ఆ మనిషిని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. దగ్గరికి జరిగి, పగుళ్లు తేలిన ఆమె పాదాల మీద చెయ్యి వేశాడు.

"ఎట్ల పోయినవో మొదటికెళ్లి చెప్పమ్మా," అన్నాడు.