ఇస్త్రీ తహ్సిన్

లెవెంత్ అనే కుర్రాడి తోలు రేసు సూటును బల్ల మీద బోర్లా పరిచి, ఎడమ తుంటి దగ్గర చిరిగిన చోట తహ్సిన్ ఉస్తా రెండు వేళ్ళు దూర్చి చూశాడు. వేళ్ళు అవతలికి వచ్చేశాయి. మైనం ముద్ద మీద దారాన్ని మూడుసార్లు లాగి, దబ్బనంలోకి ఎక్కించి, అరచేతికి తోలుపట్టీ బిగించుకున్నాడు. ఆ పట్టీ వాళ్ళ తాతది. తాత దానితో బండిగుర్రాలకు జీనులు కుట్టాడు. తండ్రి లారీ సీట్లు కుట్టాడు. తహ్సిన్ టర్కీలోని ఇజ్మిత్ బజారులో అదే కొట్లో కూర్చుని సంచులూ బెల్టులూ కుడతాడు. పనితనం తెలిసినవాడని అందరూ 'ఉస్తా' అని పిలుస్తారు. పందేలున్న శని, ఆదివారాల్లో మాత్రం కొట్టుకు తాళం వేసి, పాత మూడువందల సీసీ బైకునూ దాని పక్కనే కుట్టుబల్లనూ వ్యానులోకి ఎక్కించి, అఖాతం ఒడ్డునున్న ట్రాక్‌కు వచ్చేస్తాడు.

"ఎక్కడ?" అన్నాడు తల ఎత్తకుండానే.

పడి వచ్చినవాణ్ణి తహ్సిన్ అడిగే మొదటి మాట అదే. దెబ్బలు ఎక్కడ తగిలాయో డాక్టరు అడుగుతాడు, బైకు ఏమైందో మెకానిక్కు అడుగుతాడు. ఈయనకు కావలసింది మలుపు నంబరు.

"ఆరులో," అన్నాడు లెవెంత్. ఇరవయ్యారేళ్ళవాడు. వారమంతా ఇస్తాంబుల్ వీధుల్లో బైకు మీద పార్సిళ్ళు మోస్తాడు, సెలవు దొరికితే ఇక్కడికొచ్చి మళ్ళీ బైకే ఎక్కుతాడు. మోచేతికి కట్టు కట్టించుకుని బనియనుతో నిలబడ్డాడు. "రేపు పొద్దున ఎనిమిదికి తనిఖీ అధికారి రిజా బే సూట్లు చూస్తాడంట. ఒక్క కుట్టు ఊడున్నా లోపలికి పోనివ్వనన్నాడు. అయిపోద్దా ఉస్తా?"

"ఆయన బొటనవేలు నాకు తెలుసులే. కూర్చో."

తోలు కుట్టడం అయ్యాక తహ్సిన్ ఇంకో పని చేస్తాడు. మెడపట్టీ లోపలివైపు ఎర్రదారంతో ఒక ముడి వేస్తాడు. ఒకసారి పడితే ఒక ముడి. ఈ అలవాటు ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తులేదు కానీ, ఇప్పుడు ఆ ట్రాక్ మీద ముడి లేని సూటంటే చిన్నచూపు. హెల్మెట్ పెట్టుకునే ముందు కుర్రాళ్ళు ఆ ముళ్ళను వేలితో తడుముకుంటారు. పడ్డవాడు తన ముడి తాను వేసుకోకూడదు, ఇంకొకళ్ళే వెయ్యాలి. లెవెంత్ మెడపట్టీకి ఇప్పటికే రెండున్నాయి.

తహ్సిన్ సూటుకు ఒక్కటీ లేదు. గోధుమరంగు ఆవుతోలుతో తన కొలతలకు తనే కుట్టుకున్న సూటది. ట్రాక్ పక్కనున్న షెడ్డులో మూడో మేకుకు వేలాడుతూ ఉంటుంది. పందొమ్మిదేళ్ళయింది, దాని మీద గీత పడలేదు. అందుకే అతన్ని అందరూ ఇస్త్రీ తహ్సిన్ అంటారు. "ఉస్తా, ఆ సూటులో పెళ్ళికి కూడా పోవచ్చు," అని ఒకడంటే, "పోతే అక్కడికీ పదోవాడిగానే చేరతాడు," అని ఇంకొకడు అందుకుంటాడు. తహ్సిన్ నవ్వుతాడు. నిజమే మరి, పందొమ్మిదేళ్ళుగా అతను వచ్చేది తొమ్మిదో పదో. పిరికివాడని కాదు. ఏ మలుపు మనిషి ఒంటిని ఎక్కడ ఒలుస్తుందో అతని చేతులకు తెలుసు. అంత తెలిసినవాడు బండిని నిండుగా లాగించలేకపోయాడు, అంతే.

ఈ ఏడు మాత్రం కథ మారింది. పోయిన చలికాలం కొట్లో కూర్చుని, తను పందేల్లోకి దిగకముందు నుంచీ, పాతికేళ్ళుగా తన చేతుల మీదుగా పోయిన సూట్లను ఒక్కొక్కటే తలుచుకుంటుంటే అతనికొక సంగతి తట్టింది. ఆరో మలుపులో పడ్డవాళ్ళందరికీ ముందు ఎడమ తుంటి చిరుగుతుంది, తర్వాత ఎడమ భుజం. గీతలన్నీ ఒకే వాలుగా ఉంటాయి. అంటే అందరూ ఒకే తప్పు చేస్తున్నారు. మలుపు పక్కనున్న తెల్లరాయి రాకముందే బండి వంచేస్తున్నారు. రాయి దాటి, మనసులో 'ఒకటి' అనుకుని అప్పుడు వంచితే? ఏప్రిల్‌లో అలా వంచి చూశాడు. ఒక్క మలుపులో అరసెకను మిగిలింది. అక్కణ్ణించి తొమ్మిదోవాడు ఏడోవాడయ్యాడు, ఈ శనివారం వరుస తేల్చే టైముల్లో నాలుగోవాడయ్యాడు. మూడోవాడు లెవెంత్.

మూడోవాడికి కప్పు ఇస్తారు. తహ్సిన్ ఇంట్లో రేడియోకూ గడియారానికీ మధ్య, అల్లికగుడ్డ పరిచిన జానెడు చోటొకటి ఉంది. మొదటి పందెం రోజున అతని భార్య ముజెయ్యెన్ కప్పు కోసమని వదిలిన చోటు. ఇప్పుడక్కడ పీచుమిఠాయి డబ్బా కూర్చుని ఉంది. వచ్చే బుధవారం తహ్సిన్‌కు అరవై నిండుతాయి. అరవై నిండినవాళ్ళకు పందేలు నడిపే క్లబ్బు లైసెన్సు ఇవ్వదు. కప్పు వస్తే రేపు రావాలి, లేకపోతే ఇక రాదు.

ముజెయ్యెన్ మడతకుర్చీలో కూర్చుని చిక్కుళ్ళకు ఈనెలు తీస్తోంది. లెవెంత్ టీ తేవడానికి అటు పోగానే నెమ్మదిగా అంది.

"రేపు మూడోవాడు రాకపోతే నాలుగోవాడు మూడోవాడవుతాడు కదూ? నాకు లెక్కలు రావులే, ఊరికే అడిగా."

"కుట్టు వదులుగా వెయ్యమంటావా?"

"నేనా? నేనెక్కడన్నా? మైనం ఇంకొంచెం పట్టించమంటున్నా, అబ్బాయి మళ్ళీ పడేట్టున్నాడు."

ఇద్దరూ నవ్వుకున్నారు. కుట్టడం గురించి తహ్సిన్‌కు ఏ గుంజాటనా లేదు. చిరిగిన తోలు బల్ల మీదికొస్తే చేతులు వాటంతటవే కదులుతాయి. లోపల అస్తరు, మీద కొత్త తోలుముక్క, జోడు కుట్టు. గంటన్నర పట్టింది. చివర్లో ఎర్రముడి బిగించి దారం కొరికాడు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. సూటు చేతికిస్తూ, తోలు చూసి తనకు తెలిసింది చెప్పడం అతని పద్ధతి. 'ఆలస్యంగా బ్రేకు వేశావు', 'మోకాలు ముందే దించావు', ఇలా ఒక్క ముక్క. మందిచ్చి పథ్యం చెప్పకుండా పంపడు. కానీ ఈ ఒక్క ముక్క అతని సొంత ఆస్తి. తెల్లరాయి సంగతి ఆ ట్రాక్ మీద ఇంకెవరికీ తెలియదు. సూటు మడతపెట్టాడు, మళ్ళీ విప్పాడు. చెప్పకపోతే అడిగేవాడు లేడు. చెప్పకపోతే ఆ పిల్లాడు రేపు అదే మలుపులో మళ్ళీ అలాగే వంచుతాడు, ఈసారి తుంటికి తోలుతో పాటు ఎముక కూడా పోవచ్చు. ఆ ఆలోచనతో తహ్సిన్‌కు తనమీద తనకే కోపమొచ్చింది.

"ఒరేయ్, తెల్లరాయి ఉంది చూడు. అది రాకముందే వంచుతున్నావు. దాటినాక 'ఒకటి' అనుకో. అప్పుడు వంచు."

లెవెంత్ సూటు మీది కొత్త ముక్కను తడిమి చూసుకుంటున్నవాడు తలెత్తాడు. "అందుకేనా మీరు ఆరులో నన్ను పట్టేస్తున్నారు? మరి నాకెందుకు చెప్తున్నారు ఉస్తా?"

"కుట్టినవాణ్ణి కాబట్టి. పో, తిని పడుకో."

"మీ చేతులు చల్లగుండాలి," అన్నాడు లెవెంత్. ఎప్పుడూ ఎగతాళి చేసే నోట్లోంచి ఆ మాట కాస్త తడబడుతూ వచ్చింది.

ఆదివారం అఖాతం మీంచి గాలి చల్లగా వచ్చింది. రిజా బే ఎనిమిదింటికల్లా బల్ల వేసుకుని కూర్చుని, సూటు సూటుకూ బొటనవేలితో కుట్లు నొక్కి చూశాడు. లెవెంత్ తుంటి దగ్గర రెండుసార్లు నొక్కి, పాసు చీటీ అంటించాడు. తహ్సిన్ సూటు దగ్గరకొచ్చేసరికి నొక్కనే లేదు. "దీన్ని చూడ్డానికేముంది, అద్దంలా ఉంది. ఆఖరిదటగా ఉస్తా?"

"ఆఖరిదే రిజా బే."

జున్ను, ఆలివ్‌లు, నువ్వుల రొట్టె. తహ్సిన్ సగమే తిన్నాడు. ముజెయ్యెన్ సూటు జిప్పు మెడదాకా లాగి, చేత్తో ఛాతీ మీద ఒకసారి తట్టి, "అల్లాకి అప్పజెప్పాను," అంది. పందొమ్మిదేళ్ళుగా ప్రతి పందేనికీ అదే తట్టు, అదే మాట. ఈసారి కళ్ళు తుడుచుకుంది, చిక్కుళ్ళ చెయ్యి కంట్లో తగిలిందని పైకి దబాయించింది.

పందెం పది చుట్లు. ముందున్న ఇద్దరూ మొదటి చుట్టులోనే కనబడకుండా పోయారు. వాళ్ళ గొడవ వాళ్ళది. లెవెంత్ మూడోవాడు, తహ్సిన్ నాలుగోవాడు, ఇద్దరి మధ్యా ఒక బండి పట్టేంత ఎడం. మొదటిసారి ఆరో మలుపుకు వచ్చినప్పుడు తహ్సిన్ ముందు చక్రం చూడలేదు, ముందున్న కుర్రాణ్ణి చూశాడు. తెల్లరాయి వచ్చింది. లెవెంత్ వంచలేదు. రాయి దాటింది. 'ఒకటి', అనుకున్నాడు తహ్సిన్ హెల్మెట్‌లో, వాడి తరఫున. అప్పుడు వంచాడు లెవెంత్, చక్కగా, నిన్న చెప్పినట్టే. చెప్పిన పని చెప్పినట్టు చేసే పనివాణ్ణి చూస్తే తహ్సిన్‌కు ఎప్పుడూ ముచ్చటే. ముచ్చటపడుతూనే పళ్ళు కొరుక్కున్నాడు.

రెండు, మూడు, నాలుగు. తిన్నటి దారిలో లెవెంత్ బండి బలమైనది. మిగతా మలుపుల్లో తహ్సిన్ కొద్దికొద్దిగా దగ్గరయ్యేవాడు, ఆరులో మాత్రం ఇద్దరూ సమానం, అక్కడ సంపాదించుకోవడానికి ఏమీ మిగల్లేదు. తొమ్మిదో చుట్టుకు మణికట్లు మంట పుట్టాయి. అయినా అతని మనసు తేటగా ఉంది. అంత వేగంగా అతనెప్పుడూ నడపలేదు. వెనకాల అయిదోవాడి చప్పుడు కూడా లేదు. గోడ దగ్గర ముజెయ్యెన్ ఎర్ర తలగుడ్డ ఒక చుక్కలా కనబడి వెనక్కిపోయింది.

పదో చుట్టు. అయిదో మలుపు దాటాక తహ్సిన్‌కు లెక్క తేలిపోయింది. వెనకాలే ఉంటే నాలుగో స్థానం ఖాయం, గీత లేని సూటుతో ఇంటికి వెళ్ళొచ్చు. దాటాలంటే మిగిలింది ఒక్కటే దారి. లెవెంత్ రాయి దాటేదాకా వంచడు కాబట్టి రాయికి ముందు లోపలివైపు ఖాళీగా ఉంటుంది. పాతికేళ్ళుగా చిరిగిన తోళ్ళన్నీ వచ్చింది ఆ ఖాళీలోంచే. అక్కడికి పోతే ఏమవుతుందో ఆ ట్రాక్ మీద అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. తెలిసే, రాయి రాకముందే బండి వంచాడు.

బండి లోపలికి దూరింది. మోకాలు నేలను గీరింది, అది కూడా జీవితంలో మొదటిసారే. లెవెంత్ హెల్మెట్ పక్కకొచ్చింది, ఆ తర్వాత వెనక్కిపోయింది. తహ్సిన్ ముందు ఖాళీ రోడ్డు. మూడోవాడు! మలుపు సగం వరకూ, గుండె నాలుగైదుసార్లు కొట్టుకునేంతసేపు, తహ్సిన్ ఉస్తా ఆ పందెంలో మూడోవాడు. తర్వాత రోడ్డు చాల్లేదు. ఇంకొంచెం వంచాడు, ముందు చక్రం వదిలేసింది. ముందు ఎడమ తుంటి, తర్వాత భుజం. లెవెంత్ ఆలస్యంగా వంచాడు కాబట్టి తహ్సిన్ లోపలివైపు నుంచి ఏ ఇబ్బందీ లేకుండా దాటిపోయాడు.

కంకరలో వెల్లకిలా పడి ఆకాశం చూశాడు తహ్సిన్. కాళ్ళు కదిపాడు, చేతులు కదిపాడు. అన్నీ ఉన్నాయి. అతనికి సంతోషం వేసింది. ఎంత సంతోషమంటే, నవ్వబోతే పక్కటెముకలు ఒప్పుకోలేదు. జెండా పట్టుకున్న ఇద్దరు పరుగెత్తుకొచ్చి లేపితే, ముందు తుంటి దగ్గర రెండు వేళ్ళు దూర్చి చూసుకున్నాడు.

షెడ్డు దాకా కుంటుకుంటూ వచ్చేసరికి అందరూ లేచి నిలబడి ఉన్నారు. ఒకడు ఈల వేశాడు. "ఇస్త్రీ నలిగిందిరోయ్!" అని ఇంకొకడు అరిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు, గెలిచినవాడికి కూడా అన్ని పడలేదు. ముజెయ్యెన్ పరుగున వచ్చి అతని మొహమంతా తడిమింది, ఏ తేడా లేదని నమ్మకం కుదిరాక వీపు మీద ఒక్కటిచ్చింది. "అరవై ఏళ్ళకా బుద్ధి పుట్టింది నీకు!"

"బుధవారం దాకా యాభైతొమ్మిదే," అన్నాడు తహ్సిన్.

లెవెంత్ కప్పు చంకలో పెట్టుకుని వచ్చాడు. కప్పు బల్ల కింద పెట్టేసి, కుట్టుపెట్టె తెరిచి, గొంతు సవరించుకుని అడిగాడు.

"ఎక్కడ?"

తహ్సిన్ అతని కళ్ళలోకి చూశాడు. "ఆరులో."

"రాయికి ముందే వంచారు."

"ముందే వంచాను."

"తెలిసి కూడానా?"

"తెలిసే. కప్పు ఎత్తి పట్టుకోవయ్యా, బల్ల కింద పెట్టుకోవడానికా గెలిచింది?"

సూటు విప్పి బల్ల మీద పరిచాడు తహ్సిన్. లెవెంత్ దబ్బనానికి ఎర్రదారం ఎక్కించడానికి నాలుగుసార్లు తంటాలుపడ్డాడు. పార్సిళ్ళు మోసే చేతులవి, కుట్టే చేతులు కావు. ముడి వంకరగా వచ్చింది. విప్పి మళ్ళీ వేస్తానన్నాడు. తహ్సిన్ ఒప్పుకోలేదు. తుంటి కుట్టడానికి అరచేతి పట్టీ తొడుక్కోబోయిన భార్యను కూడా ఆపాడు.

"దీన్ని కుట్టం. ఇలాగే ఉండనీ."

"మరి ఇంటికి తీసుకుపోవద్దా?" అంది ముజెయ్యెన్.

"ఇంట్లో ఎక్కడ పెడతావు?"

"రేడియో పక్కన చోటుందిగా."

"అక్కడ మిఠాయి డబ్బా ఉంది. ఉండనీ దాన్ని."

బైకునూ కుట్టుబల్లనూ వ్యానులోకి ఎక్కించారు. నలుగురు కుర్రాళ్ళు సాయం పట్టారు. లెవెంత్ వెనక తలుపు మూసి, రెండుసార్లు తట్టాడు. ముజెయ్యెన్ చిక్కుళ్ళ గిన్నె ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. వ్యాను గేటు దాటి, రొట్టెల బండి పక్కగా తిరిగి, ఇజ్మిత్ దారి పట్టింది. బండిని ఆ దారిన అతను పందొమ్మిదేళ్ళూ నెమ్మదిగానే నడిపాడు, ఆవేళా నెమ్మదిగానే నడిపాడు.

షెడ్డులో మూడో మేకుకు గోధుమరంగు సూటు వేలాడుతోంది, తుంటి దగ్గర రెండు వేళ్ళు పట్టేంత చిరుగుతో, మెడపట్టీ లోపల శనగగింజంత ఎర్రముడితో, వంకరగా.